ఆనిగెపు బుర్రలో రేడియో

నేను చేసిన రేడియోను ఇంకొకరి పేరుతో మా ఊరి బడిలో అద్దాల బీరువాలో పెట్టారు. పెట్టి ఊరుకోలేదు. కింద తెల్ల అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "మన పూర్వ విద్యార్థి బాల్యంలో స్వహస్తాలతో చేసిన రేడియో" అని రాసి, ఆ పెద్దమనిషి పేరు, చేసి రిటైరైన ఉద్యోగం పేరు రాశారు. స్వహస్తాలట! ఆ హస్తాలకు సోల్డరింగు కడ్డీని ఏ కొసన పట్టుకోవాలో తెలియదు. నా కుడి బొటనవేలి మీద దాని మచ్చ ఇవాళ్టికీ ఉంది. ఆ మచ్చ కింద అట్ట ఎవరూ పెట్టలేదు.

మొన్న బడి పండుగ జరిగితే వెళ్ళాను. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక బడికి రంగులు వేశారు, ప్రహరీ కట్టారు. పాత విద్యార్థులంతా కండువాలు కప్పుకుంటున్నారు. నేను ఆ బడి పూర్తి చేయలేదు కాబట్టి పూర్వ విద్యార్థినో కాదో నాకు తెలియదు. పిలవలేదు. అయినా వెళ్ళాను. బీరువా దగ్గర నిలబడ్డ పంతులమ్మను బతిమిలాడితే అద్దం జరిపి, పెట్టె మూత ఎత్తింది. గుప్పుమని లవంగాల వాసన, దాని అడుగున ఎండిన తమలపాకు, కాచు. ఆ వాసన కింద నా అతుకులు. బూజు పట్టినా ఒక్కటీ ఊడలేదు.

"తాతా, మీకు రేడియోలంటే ఇష్టమా?" అంది ఆ పిల్ల.

ఏమని చెప్పాలి?

మా ఊళ్ళో అప్పట్లో రేడియోను రేడియో అనేవారు కాదు, డబ్బా అనేవారు. "పటేలోళ్ళ డబ్బ మోగుతాంది" అంటే వాళ్ళింట్లో వార్తలు వస్తున్నాయని. "డబ్బ బందయింది" అంటే బ్యాటరీ అయిపోయిందని. బయటి పెట్టె కూడా డబ్బానే, లోపల పాడేదీ డబ్బానే. ఒకే మాటకు రెండు అర్థాలుంటే ఏం మునిగిందని అడుగుతారేమో. ఎవరు మునిగారో చెబుతాను.

మా నాయిన పటేలు ఇంట్లో జీతం ఉండేవాడు. జీతం అంటే ఇప్పటి పిల్లలు నెలనెలా వచ్చేదనుకుంటారు. సంవత్సరం పొడుగునా ఆ ఇంటి ఎడ్లతో సమానంగా పనిచేయడాన్ని మా దిక్కు జీతం ఉండటం అంటారు. పటేలు పల్లికాయ బండి కట్టించుకుని రామన్నపేటకు పోతే నాయిన తోలేవాడు, బడి లేనినాడు నేను వెనక కూర్చునేవాణ్ని. అక్కడ ధాన్యం అమ్మే గంజి వీధి మూలన రేడియోలు బాగుచేసే సాబు దుకాణం ఉండేది. బండి దిగితే నా కాళ్ళు అటే పోయేవి.

"ఏం చూస్తున్నవ్ బే?" అన్నాడు సాబు ఒకనాడు, తల ఎత్తకుండానే.

"గవి మూడు కాళ్ళయి... ఏందియి సాబ్?"

"ట్రాన్సిస్టర్లు. సచ్చినయి. తీస్కపో, ఆడుకో."

అన్నీ చావలేదు. సాబు తొందరలో పారేసిన వాటిలో కొన్ని కొనఊపిరితో ఉండేవి. ఏది బతికిందో ఎలా చూడాలో ఆయనే తర్వాత చూపించాడు, తిట్టుకుంటూ. పాత రేడియోల వెనక చెక్క విప్పితే లోపలి గోడకు గీతల కాగితం ఒకటి అంటించి ఉండేది. ఏ తీగ ఎక్కడికి పోతుందో గీసిన బొమ్మ. దాన్ని చూసి చూసి నేలమీద పుల్లతో గీసేవాణ్ని. బడిలో నాకు ఇంగ్లీషు అక్షరాలు రాలేదు. ఆ కాగితాల మీదనే వచ్చాయి.

మా వాడకు కరెంటు లేదు. ఇనుప కడ్డీ కొసకు రాగి ముక్క బిగించుకుని, అవ్వ జొన్న గటక ఉడికించే పొయ్యిలోనే ఎర్రగా కాల్చి అతుకులు వేసేవాణ్ని. అవ్వ అంటే నాయినను కన్నతల్లి. మా ఫ్లోరైడు నీళ్ళకు నడుము విల్లులా వంగి, కోళ్ళతో సమానంగా నేలను చూస్తూ నడిచేది. సోల్డరింగు తీగలోంచి గుగ్గిలం పొగ లేచేది.

"ఏందిరా, ఊదు వాసన లెక్కొస్తాంది? ఏసయ్యను నమ్మినోళ్ళ ఇంట్ల పీరీలు లేపుతున్నవా?" అని అరిచేది.

ఆ పొగ, గటక వాసన, దాంట్లో నంజుకునే ఎల్లిపాయ కారం, మూడూ కలిస్తే అదే నాకు బాల్యం. ఇంకో వాసన గుర్తులేదు.

తీగను ఎత్తుగా కట్టాలి కదా. మా వాడలో ఎత్తయినది ప్రార్థన ఇంటి మీద రేకు సిలువ ఒక్కటే. పక్కింటి పోరగాళ్ళ భుజాలెక్కి దానికే కట్టాను. ఆదివారం పాస్టరయ్య చూశాడు.

"ఎవడురా? ఏసయ్య సిలువకు తీగ కట్టినోడు ఎవడురా?"

"పాటలొస్తయి అయ్యగారూ" అన్నాను.

"ఏం పాటలు?"

"అన్ని పాటలు."

ఆయన సిలువ వైపు తల ఎత్తి చూసి, "ఆదివారం పొద్దుగాల జర ఇప్పు, తర్వాత కట్టుకో" అన్నాడు. ఆ సాయంత్రం వార్తల వేళకు మా గడపలో ముందుగా కూర్చున్నది ఆయనే. సెల్లులు నీరసిస్తే అవ్వ వాటిని మిరపకాయలతో పాటు ఎండబెట్టేది. కాస్త వేడెక్కగానే ఇంకో పూట పలికేవి.

రేడియో పలికింది సరే. కానీ అది ఒక చెక్క పలక మీద మేకులకు చుట్టిన తీగలూ, కాయిళ్ళూ, మూడుకాళ్ళ పురుగుల్లాంటి ట్రాన్సిస్టర్లూ. అవ్వ దాన్ని చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేది.

"గా పేగులు బయటేసుకొని కూసున్నవేందిరా? జర డబ్బల పెట్టు బిడ్డా. కోడో పిల్లో గుంజుకపోతే?"

సాబు కూడా అదే మాట ఇంకో తీరుగా అన్నాడు. "డబ్బా లేకుంటే రేడియో గాదు బేటా, అది కోసిన మేక."

అలా మొదలైంది డబ్బా కోసం నా తిరుగుడు. ఆ వానాకాలమంతా నాకు ఇంకో ధ్యాస లేదు. ఎవరింటికి పోయినా ముందు అటుక మీదికి చూసేవాణ్ని. సబ్బు పెట్టెలో స్పీకరు పట్టలేదు. పటేలు కొడుకు, నా తరగతే, చెప్పుల అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. మా ఇల్లు కురిసిన మొదటి వానకు అది గటకలా మెత్తబడింది. పెళ్ళి వాళ్ళు పారేసిన వనస్పతి డబ్బా దొరికితే పండుగ అనుకున్నాను. కడిగి, ఎండబెట్టి, అందులో పేగులు పెట్టి మూత వేశాను. నోరు పడిపోయింది. మూత తీస్తే పలుకుతుంది, వేస్తే ఊపిరి ఆగుతుంది. రేకు చుట్టూ ఉంటే లోపల స్టేషన్లను పట్టే నల్ల కడ్డీకి ఆకాశం అందదని అప్పుడు నాకు తెలియదు. అవ్వ మాత్రం తేల్చేసింది.

"ఇనుములో బొంద పెడితే ఏది మాట్లాడుతదిరా?"

చివరికి ఆమే దారి చూపింది. సొరకాయను మా దిక్కు ఆనిగెపుకాయ అంటాం. బాగా ముదిరిన కాయను తీగకే ఎండనిచ్చి, లోపలి గుజ్జు తీసేస్తే బుర్ర అవుతుంది. అందులో విత్తనాలు దాచుకుంటారు. మా ఇంటి దూలానికి వేలాడే పెద్ద బుర్రలో మరుసటి ఏటికి జొన్న విత్తులు ఉన్నాయి. అవ్వ దాన్ని దించి, విత్తులు పాత చీర కొంగులో మూటకట్టి, బుర్ర నా ఒళ్ళో పెట్టింది.

"పురుగు పడ్తదేమో అవ్వా."

"పడితే పడనీ. గీ పేగులు సల్లగుండాలె."

బుర్రకు పక్కన కిటికీ కోసి, స్పీకరు బిగించాను. ఆ నాదం ఏం చెప్పను! ఆ తర్వాత జీవితమంతా ఎన్ని పెట్టెలు చేశానో, మంచి టేకువి, నున్నటి ప్లాస్టిక్కువి. అంత నిండుగా ఏదీ పలకలేదు. వాడ పిల్లలకు మాత్రం అది ఆట. "బుర్ర లేనోడు బుర్రల రేడియో పెట్టిండు" అని నా వెనక కేకలు వేసేవారు. పటేలు కొడుకు సాయంత్రాలు వచ్చి, గడప లోపలికి రాకుండా అరుగు మీద కూర్చుని వినేవాడు. గుట్టల్లో ఇద్దరం దొంగతనంగా కోసిన సీతాఫలాలు పటేలు గడ్డివాములో మాగేసేవాళ్ళం. పండ్లు చెరి సగం. దొరికిపోతే తిట్లు మాత్రం నాకే. అది కూడా అప్పుడు న్యాయంగానే ఉండేది.

చలి మొదలవుతుండగా సైన్సు సారు ఒక కబురు చెప్పాడు. పెద్ద బడిలో ప్రదర్శన ఉంది, పట్నం నుంచి ఆఫీసరు వస్తాడు, అన్నిటికన్నా మంచి వస్తువు చేసిన పిల్లవాణ్ని పట్నంలో యంత్రాల చదువు చెప్పే బడిలో చేర్చుకుంటారు, తిండీ పడకా వాళ్ళే చూస్తారు. సారు ఆ మాట చెబుతూ నావైపే చూశాడు. ఇంట్లో చెబితే నాయిన నమ్మలేదు. అవ్వ మాత్రం ఆ దినమే ఏడవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళిపోయినట్టే.

బుర్రను తీసుకుని బడికి వెళ్తే సారు మొహం ముడుచుకున్నాడు.

"ఏందిరా ఇది? జాతర్ల బిచ్చపోని బుర్ర లెక్కుంది. పెద్ద సార్లు వస్తరు. మంచి డబ్బల పెట్టుకరా."

"మంచి డబ్బ యాడిది సార్?"

పటేలు కొడుకే అందుకున్నాడు. "మా నాయనమ్మ ఆకుల పెట్టె ఉంది సార్. ఆమె పోయినంక అటుక మీదనే పడ్డది."

మరునాడు తెచ్చాడు. నల్లటి చెక్క, ఇత్తడి పట్టీలు. తమలపాకులు వాడిపోకుండా మూతకు సన్నసన్న రంధ్రాలతో పువ్వు చెక్కి ఉంది. స్పీకరు కోసమే చేసినట్టు. తాళం ఊడిపోయిన చోట మిగిలిన బెజ్జంలోంచి స్టేషన్లు మార్చే చిన్న ఇరుసు బయటికి వచ్చింది. ఒక్క గీత పడకుండా, ఒక్క మేకు కొట్టకుండా, పేగులన్నీ అందులో సర్దాను. పాట పాడితే తమలపాకు వాసన వచ్చేది. పటేలు చూసి, మా నాయినతో ఒకటే మాట అన్నాడట. "పెట్టె మీద గీత పడితే నిన్నడుగుత."

ప్రదర్శన పొద్దున నాయిన ఎడ్లకు చొప్ప వేస్తూ నన్ను పిలిచాడు. ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడింది అంతకుముందు లేదు.

"బిడ్డా, గా డబ్బ పటేలోళ్ళది."

"ఎరికేనే నాయినా."

"ఎవలడిగినా వాళ్ళదేనని చెప్పు. నాదని నీ నోట్లకెల్లి రావద్దు. మీ చిన్నాయిన సంగతి యాదికుంది గదా?"

ఉంది. మా చిన్నాయిన తన బొక్కెనతో తను నీళ్ళు చేదుకుంటుంటే, ఇది మాది అన్నారు పెద్దింటి వాళ్ళు. నాది అన్నాడు చిన్నాయిన. ఆ రెండక్షరాలకే ఆయన్ను బండి చక్రానికి కట్టి కొట్టారు. వాళ్ళ బొక్కెన ఎండాకాలం నీళ్ళు ఇంకాక బావి అడుగున కనిపించింది. అప్పటికి చిన్నాయిన ఊరు విడిచి అచ్చంపేట అడవి దిక్కు పోయాడు. తిరిగి రాలేదు. మా ఇంట్లో ఆ తర్వాత "నాది" అనే మాట ఎవరూ గట్టిగా అనలేదు. కూడు తినే గిన్నెను కూడా "గా గిన్నె" అనేవాళ్ళం.

పెద్ద బడిలో మా బల్ల ముందు జనం విరగబడ్డారు. పాట వినిపించడమే కారణం. మిగతా వాళ్ళు బొమ్మలు తెచ్చారు, మాది పలుకుతోంది. పటేలు కొడుకు ఇస్త్రీ చొక్కాతో బల్ల ముందు నిలబడ్డాడు. నేను వెనక ఉన్నాను, ఇరుసు మీద వేలు ఉంచి. స్టేషను జారకుండా పట్టుకోవాలి కదా. సారు చాయ తాగడానికి వెళ్ళాడు. అప్పుడే ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. పల్లె పిల్లలతో పల్లె మాట మాట్లాడాలనుకున్నాడు. రేడియో అనలేదు.

"బాగా మోగుతోందే! ఈ డబ్బా ఎవరిది బాబూ?"

మీరే చెప్పండి. ఒక వానాకాలమంతా డబ్బా, డబ్బా అని తిరిగినవాణ్ని. డబ్బా అంటే నాకు లోపలిది కాదు, బయటిది. పొద్దున నాయిన చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆఫీసరు చూపు నామీద పడింది.

"పటేలోళ్ళది సార్. గాయనదే" అని ముందుకు చేయి చూపించాను.

తప్పు మాట్లాడలేదు, నాయిన మాట తప్పలేదు అని లోపల హాయిగా కూడా ఉంది.

ఆఫీసరు పటేలు కొడుకు భుజం తట్టాడు. "శభాష్! పేరేమిటి?"

వాడు నావైపు తిరిగి చూశాడు. చూశాడు, అది నేను మరచిపోను. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి తన పేరు చెప్పాడు.

సాయంత్రం ఆ పేరునే పిలిచి దండ వేస్తే గానీ నాకు అర్థం కాలేదు. సారు దగ్గరికి పరిగెత్తాను.

"సార్, చేసింది నేను గదా!"

"మరి వాళ్ళదని ఎందుకన్నవ్‌రా?"

"డబ్బ వాళ్ళదే గదా సార్!"

సారు చేతిలోని చాయ గ్లాసును కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "పేరు ఎక్కింది. గిప్పుడు లొల్లి చేస్తే పటేలుకు కోపమొస్తది. మీ నాయిన సంగతి జర ఆలోచించు" అన్నాడు. చదువుకున్నవాడు, నా అతుకులన్నీ చూసినవాడు, అంతమాత్రం అని చాయ తాగాడు. ఆయన పోయి చాలాకాలమైంది. నేను క్షమించలేదు.

తిరుగు బండిలో పటేలు కొడుకు ముందు కూర్చున్నాడు, మెడలో దండతో, ఒళ్ళో పెట్టెతో. నాయిన బండి తోలుతున్నాడు. నేను వెనక కాళ్ళు వేలాడేసుకుని ఉన్నాను. దారి కుదుపుకు స్టేషను జారిపోయి గరగర మొదలైంది. వాడు అటూ ఇటూ తిప్పాడు. రాలేదు.

"జర సరిచేయ్‌రా" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

ముందుకు వంగి సరిచేశాను. పాట వచ్చింది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే నాయిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేను చెప్పిందే చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. అంతే. ఆ తర్వాత పటేలోళ్ళ ఇంట్లో రేడియో మోగుతుంటే ఎడ్లను చుట్టుదారిన తోలుకుపోయేవాడు. బతికినన్నాళ్ళూ అంతే. అవ్వ బుర్రను మళ్ళీ దూలానికి కట్టింది. కోసిన కిటికీ లోంచి ఎలుకలు దూరేవి. కొంగు మూట విప్పితే విత్తులన్నీ పిండి పిండి. పురుగు తినేసింది. ఆ ఏడు విత్తనాలకు కూడా పటేలు ఇంటికే పోవలసి వచ్చింది.

రేడియో మాకు తిరిగి రాలేదు. వాడు దాంతోనే పట్నం పోయాడు. మరుసటి వానలకు నాయిన నడుము కూడా అవ్వ నడుములాగే వంగడం మొదలైంది. ఆయన ఎడ్లు నా చేతికి వచ్చాయి. బడి నాకు అక్కడ ఆగింది. సాబు దుకాణంలో చేరేసరికి నా యౌవనం సగం గడిచింది. అక్కడే కూర్చుని, ఎవరూ చెప్పకపోయినా, చదవాల్సినదంతా చదువుకున్నాను. ఇవాళ్టికీ చిన్న చిన్న బోర్డులు చేస్తాను. పొలం మోటారు ఆగితే కూత పెట్టేది ఒకటి, వాన పడితే చెప్పేది ఒకటి. నల్లగొండలో అడిగితే దుకాణం వాడు ప్లాస్టిక్ డబ్బాలు బల్ల మీద కుప్ప పోస్తాడు, ఏ సైజు కావాలంటే ఆ సైజు, మరలతో సహా. కావలసింది ఏరుకుంటాను. ఇంటికి వచ్చి మూత బిగించేటప్పుడు మాత్రం, ఎవరూ లేకపోయినా, ఒకసారి చుట్టూ చూస్తాను. ఈ అలవాటు పోలేదు.

పటేలు కొడుకును అడగక వదల్లేదు. సెలవులకు ఊరొచ్చినప్పుడు కట్టంగూర్ బస్సు దగ్గర అడగబోతే గుర్తుపట్టనట్టు ఎక్కిపోయాడు. పటేలు చనిపోయినప్పుడు ఎదురుపడ్డాడు. శవం ముందు అడిగే మాట కాదని నేనే మింగాను. ఇన్నేళ్ళకు మొన్న బడి పండుగలో, కండువా కప్పించుకుని, ఆ బీరువా ముందు ఫొటోలు దిగి ఒంటరిగా మిగిలినప్పుడు దగ్గరికి వెళ్ళాను. తల పూర్తిగా నెరిసింది.

"పటేలా, బాగున్నవా?"

చూశాడు. ఈసారి గుర్తుపట్టాడు. "అరే, నువ్వా! బతికే ఉన్నవురా? తిన్నవా? పో, అన్నం పెడ్తున్నరు."

"తింట. ఒక్క మాట అడుగుత. గీ రేడియో ఎవలు చేసిన్రు?"

రేడియో అనే అన్నాను. డబ్బా అనలేదు. ఆ మాటను ఇన్నేళ్ళూ ఏరి పక్కన పెట్టుకున్నాను.

"గిప్పుడెందుకురా అవన్ని? ముసలోళ్ళమైనం."

"ఎవలు చేసిన్రు పటేలా?"

మండపంలో మైకు ఆయన పేరు పిలుస్తోంది. ఆయన అద్దం లోపలి పెట్టెను చూశాడు, నా బొటనవేలిని చూశాడు. కండువా సర్దుకున్నాడు. గొంతులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. ఎప్పటినుంచో సిద్ధం చేసి ఉంచుకున్న జవాబులా మెల్లగా అన్నాడు:

"గా ఆఫీసరు అడిగింది డబ్బా ఎవలదని. మాదని చెప్పింది నువ్వే గదరా."